బింగమ్ బిగించిన 52 మాటలు

అమెరికా రాజ్యాంగానికి చేసిన 14వ సవరణలో మొదటి సెక్షన్ రెండే రెండు వాక్యాలు. అందులో రెండో వాక్యం ఇంగ్లీషులో లెక్కపెడితే 52 మాటలు. ఆ దేశపు సుప్రీంకోర్టులో ఈ వాక్యం మీద నడిచినన్ని వాదాలు రాజ్యాంగంలోని మరే వాక్యం మీదా నడిచి ఉండవేమో. పౌరుల హక్కుల మీద రాష్ట్రాల పెత్తనానికి అడ్డుకట్ట వేసింది ఇదే. భారత రాజ్యాంగం 14వ అధికరణంలో సగం ఇందులోంచి వచ్చిందే. దీన్ని రాసినవాడు జాన్ ఆర్మర్ బింగమ్. ఒహాయో రాష్ట్రంలో కాడిజ్ అనే చిన్న ఊళ్ళో ప్లీడరు, ప్రతినిధుల సభ సభ్యుడు.

బింగమ్ ఎనభై అయిదేళ్ళు బతికాడు. లింకన్ హత్య కేసులో ప్రాసిక్యూషన్ తరఫున వాదించాడు, ఒక అధ్యక్షుడి మీద అభిశంసన నడిపాడు, జపాన్‌లో పన్నెండేళ్ళు రాయబారిగా ఉన్నాడు. ఇదంతా ఒక ఎత్తు, 1866లో మొదటి నాలుగు నెలలు ఒక ఎత్తు. ఆ నాలుగు నెలల్లో ఆయన ఒక ముసాయిదా రాశాడు, అది సభలో నిలబడలేదు. దాన్ని విప్పి, భాగాలు వేరుచేసి, మళ్ళీ కూర్చాడు. ఆ కూర్పులోని పనితనం ఏమిటో చూడాలంటే ముందు కూర్చినవాడి చెయ్యి ఎలా తయారైందో తెలియాలి.

బింగమ్ 1815 జనవరి 21న పెన్సిల్వేనియాలోని మెర్సర్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగం, తాపీపని తెలిసినవాడు. తల్లి పోయి, తండ్రి మారుపెళ్ళి చేసుకున్నాక ఇంట్లో పొసగక, కుర్రాడు ఒహాయోలో వ్యాపారం చేసుకునే థామస్ దగ్గరికి, అంటే తండ్రి సోదరుడి దగ్గరికి, చేరాడు. ఆ వయసులోనే రెండేళ్ళు ఒక పత్రికలో అచ్చుపని నేర్చుకున్నాడు. అచ్చు అంటే అప్పుడు కేసు అనే అరల పెట్టెలోంచి ఒక్కో సీసపు అక్షరాన్ని చేత్తో ఏరి వరసలో పేర్చడమే. ఎక్కడ కామా పెట్టాలో, ఏ మాట తీసేస్తే వరస సరిపోతుందో ఆ పనిలో కళ్ళకు అలవాటైపోతుంది.

తరవాత ఒహాయోలోని న్యూ ఏథెన్స్‌లో ఫ్రాంక్లిన్ కాలేజీలో చేరాడు. బానిసత్వం పాపమని గట్టిగా నమ్మే చోటు అది. అక్కడ టైటస్ బాస్‌ఫీల్డ్ అనే తోటి విద్యార్థితో స్నేహం కుదిరింది. బాస్‌ఫీల్డ్ ఒకప్పుడు బానిస. వాళ్ళిద్దరి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నలభై ఏళ్ళు నడిచాయి. 1840లో బింగమ్ ప్లీడరు పట్టా పుచ్చుకుని కాడిజ్ ప్రాంతంలో ప్రాక్టీసు పెట్టాడు. ఆ కోర్టుల్లోనే ఎడ్విన్ స్టాంటన్ కూడా వాదించేవాడు. లింకన్ మంత్రివర్గంలో యుద్ధమంత్రి అయిన స్టాంటన్ ఆయనే. 1854 ఎన్నికల్లో గెలిచి బింగమ్ ప్రతినిధుల సభకు వెళ్ళాడు.

సభలో ఆయన ఉపన్యాసాలు పొడుగ్గా, అలంకారాలతో, దేవుణ్ణీ చరిత్రనూ పిలుచుకుంటూ సాగేవి. వాటిని చదివి, ఈయనకు ఆలోచనలో స్పష్టత లేదని తేల్చేసిన పండితులు 20వ శతాబ్దంలో ఉన్నారు. కానీ ఆ ఉపన్యాసాల అడుగున ఒక పట్టు మొదటినుంచీ కనిపిస్తుంది. 1859లో ఆరిగన్‌ను రాష్ట్రంగా చేర్చుకునే ప్రస్తావన వచ్చింది. బయటి నల్లవాళ్ళు ఆ గడ్డ మీద అడుగుపెట్టకూడదు, భూమి కొనకూడదు, ఒప్పందం చేసుకోకూడదు, కోర్టుకెక్కకూడదు అని ఆరిగన్ తన రాజ్యాంగంలో రాసుకుంది. బింగమ్ దాన్ని వ్యతిరేకించాడు. పౌరులకు ఇచ్చిన హక్కుల్ని ఏ రాష్ట్రమూ కాదనలేదనీ, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి విషయంలో రక్షణ మనిషైన ప్రతివాడికీ ఉందనీ ఆయన వాదం. ఏడేళ్ళ తరవాత రాసిన వాక్యానికి ముడిసరుకు అప్పటికే పోగవుతోంది.

ఇక లోపం ఎక్కడుందో చూద్దాం. వాక్ స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, జ్యూరీ విచారణ, ఇష్టమొచ్చినట్టు సోదాలు చెయ్యకుండా రక్షణ లాంటివన్నీ 1791లో చేర్చిన మొదటి పది సవరణల్లో ఉన్నాయి. వాటినే బిల్ ఆఫ్ రైట్స్ అంటారు. అయితే ఆ సవరణలు కట్టడి చేసేది ఎవరిని? ఈ ప్రశ్న బాల్టిమోర్ రేవులో జాన్ బారన్ అనే ఆయన ఓడల కట్ట దగ్గర తేలింది. నగరపాలకులు వీధులు వేస్తూ వాగుల దారి మళ్ళించారు. ఆ వాగులు మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ కట్ట పక్కన మేటవేసి, ఓడలు దగ్గరికి రాలేనంతగా లోతు తగ్గిపోయింది. ప్రైవేటు ఆస్తిని ప్రజావసరానికి తీసుకుంటే పరిహారం ఇవ్వాలని 5వ సవరణ చెబుతోంది కదా, నాకు నష్టపరిహారం ఇప్పించండి అని బారన్ సుప్రీంకోర్టుకు వెళ్ళాడు.

1833లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ కాదన్నాడు. ఆ సవరణలు కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తాయి, రాష్ట్రాలను గానీ వాటి కింది నగరాలను గానీ కాదు అన్నాడు. కారణం చెబుతూ ఆయన రాజ్యాంగంలో ఒక చోటు చూపించాడు. మొదటి అధికరణం 10వ సెక్షన్ అది. ఏ రాష్ట్రమూ విదేశాలతో సంధి చేసుకోకూడదు, నాణేలు ముద్రించకూడదు అంటూ నడుస్తుంది. రాజ్యాంగకర్తలు రాష్ట్రాలను ఆపదలచుకున్నప్పుడు ఇలా పేరుపెట్టి ఆపారు, హక్కుల సవరణల్లో అలా రాయలేదు కాబట్టి అవి రాష్ట్రాలను ఆపవు అని మార్షల్ తర్కం.

ఈ తీర్పు ఫలితం బారన్ కట్టతో ఆగలేదు. బానిసత్వాన్ని ఖండించే పుస్తకాలను దక్షిణాది రాష్ట్రాలు నిషేధించాయి, వాక్ స్వేచ్ఛ అడ్డురాలేదు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక కూడా అదే సందు తెరిచి ఉంది. 1865 చివర్లో మిసిసిపీ చేసిన చట్టాల్లో విముక్తులైన నల్లవాళ్ళు పట్టణాలు దాటి భూమి కౌలుకు తీసుకోకూడదని ఉంది. ప్రతి జనవరిలో తమకు పని ఉన్నట్టు కాగితం చూపించాలని ఉంది. సంకెళ్ళు తీసిన చేతికే మళ్ళీ కాగితంతో కట్టు వేశారు. ఆ డిసెంబరులో ప్రతినిధుల సభ నుంచి తొమ్మిదిమంది, సెనేట్ నుంచి ఆరుగురు, మొత్తం 15 మందితో పునర్నిర్మాణ సంయుక్త కమిటీ ఏర్పడింది. 1862లో ఓడిపోయి, తిరిగి గెలిచి సభకు వచ్చిన బింగమ్ అందులో సభ్యుడు.

ఆయన మొదటి ముసాయిదా 1866 ఫిబ్రవరి చివర్లో సభ ముందుకొచ్చింది. దాని సారం ఇది: ప్రతి రాష్ట్రపు పౌరులకూ పౌర హక్కులు దక్కేలా, అన్ని రాష్ట్రాల్లోని మనుషులందరికీ ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి విషయంలో సమాన రక్షణ దొరికేలా తగిన చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంటుంది. అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్లమెంటు. చదవగానే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఈ వాక్యంలో కర్త ఎవరో చూడండి. కాంగ్రెస్. అధికారం ఇవ్వడంతో వాక్యం పని అయిపోతుంది. రాష్ట్రం ఏదైనా చెయ్యకూడదని ఇందులో ఎక్కడా లేదు.

దెబ్బ సొంత పార్టీవాళ్ళ నుంచే తగిలింది, అదీ రెండువైపుల నుంచి. న్యూయార్క్ సభ్యుడు రాబర్ట్ హేల్‌కు ఇది మరీ ఎక్కువనిపించింది. పెళ్ళయిన స్త్రీల ఆస్తి హక్కు దాకా రాష్ట్రాల చట్టాలన్నింటినీ వాషింగ్టన్‌లో కూర్చుని తిరగరాయవచ్చు కదా అన్నాడు. మరో న్యూయార్క్ సభ్యుడు జైల్స్ హాచ్‌కిస్‌కు ఇది చాలలేదు. ఇవాళ కాంగ్రెస్‌లో మనకు మెజారిటీ ఉంది, రేపు పాత తిరుగుబాటుదార్ల చేతికి వస్తే ఈ అధికారం ఎవరికి పనికొస్తుంది, హక్కు రాజ్యాంగంలోనే స్థిరంగా ఉండాలి గానీ ఓట్ల లెక్క మీద ఆధారపడకూడదు అన్నాడు. సభ ముసాయిదాను ఏప్రిల్‌కి వాయిదా వేసింది.

ఈ మధ్యలో బింగమ్ ఓటు ఒకటి చాలామందికి అంతుపట్టలేదు. విముక్తులకు పౌర హక్కులిచ్చే బిల్లు మార్చిలో సభకు వస్తే ఆయన వ్యతిరేకంగా మాట్లాడి, వ్యతిరేకంగానే ఓటేశాడు. బిల్లు ఉద్దేశం ఆయనకు నచ్చనిది కాదు. ఇలాంటి చట్టం చేసే అధికారం ప్రస్తుత రాజ్యాంగంలో కాంగ్రెస్‌కు లేదు, ముందు రాజ్యాంగాన్ని సవరించండి అన్నదే ఆయన అభ్యంతరం. పునాది తియ్యకుండా గోడ లేపనన్నాడన్నమాట. సొంత పార్టీ మెజారిటీ మంచి ఊపులో ఉన్నప్పుడు అలా ఎదురు నిలవడానికి తన పని మీద గట్టి నమ్మకం ఉండాలి.

రెండో ముసాయిదాకు దారి ఎక్కడ దొరికిందో బింగమే 1871లో సభకు వివరించాడు. బారన్ కేసు తీర్పు మళ్ళీ తీసి చదివాడు. రాష్ట్రాలను ఆపాలంటే రాజ్యాంగకర్తలు ఎలా రాసేవారో మార్షల్ అందులోనే చెప్పేశాడు. తాను చేసిందల్లా ఆ సూచన పట్టుకుని రాజ్యాంగకర్తల ఒరవడిని అనుకరించడమేనని ఆయన మాట. తన పక్షాన్ని ఓడించిన తీర్పునే కొలబద్దగా తీసుకుని, ఆ కొలతకు సరిపోయేలా వాక్యం కోశాడు. ఇక ఏ న్యాయమూర్తీ బారన్ తీర్పు చూపించి రాష్ట్రాలను ఇది కట్టడి చెయ్యదని అనలేడు.

ఇప్పుడు ఆ 52 మాటలను విడదీసి చూద్దాం. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరుల హక్కులనూ రక్షణలనూ కుదించే చట్టమేదీ ఏ రాష్ట్రమూ చెయ్యరాదు, అమలు పరచరాదు. డ్యూ ప్రాసెస్ లేకుండా, అంటే సక్రమమైన న్యాయప్రక్రియ జరపకుండా, ఏ రాష్ట్రమూ ఏ వ్యక్తి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ఆస్తినీ హరించరాదు. తన పరిధిలో ఉన్న ఏ వ్యక్తికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదు. మూడు ముక్కలు, మూడింటికీ కర్త రాష్ట్రమే. ఇంగ్లీషులో వాక్యం 'ఏ రాష్ట్రమూ' అన్న అర్థంతోనే మొదలవుతుంది. 10వ సెక్షన్ మొదలైన తీరు అదే.

మొదటి ముక్కకు మూలం నాలుగో అధికరణం. ఒక రాష్ట్రపు పౌరులకు ఇతర రాష్ట్రాల్లో పౌరుల హక్కులు, రక్షణలు ఉంటాయని అక్కడ ఉంది. ఏ పౌరుల హక్కులు? అక్కడ ఒక మాట లోపించిందనీ, సంయుక్త రాష్ట్రాల పౌరులని అర్థం చేసుకోవాలనీ బింగమ్ ఎన్నాళ్ళుగానో వాదిస్తున్నాడు. ఫిబ్రవరి ముసాయిదాలో పాత మాటల్నే వాడి ఆ సందిగ్ధాన్ని అలాగే వదిలేశాడు. ఈసారి లోపించిన మాటల్ని తనే చేర్చేశాడు. పాత వాక్యంలో హక్కులకూ రక్షణలకూ మధ్య 'మరియు' ఉంటే, కొత్తదాంట్లో 'లేదా' పెట్టాడు. హక్కు ఇచ్చేటప్పుడు రెండూ ఇవ్వాలి కాబట్టి అక్కడ 'మరియు' సరిపోతుంది. నిషేధించేటప్పుడు రెంటిలో ఏ ఒక్కదాన్ని కుదించినా తప్పే కావాలి, అందుకు 'లేదా' కావాలి. 'కుదించే' అన్న క్రియను మొదటి సవరణ నుంచి తెచ్చాడు. కాంగ్రెస్ వాక్ స్వేచ్ఛను కుదించరాదని అక్కడ వాడిన క్రియ అదే. ఇక 'చెయ్యరాదు' పక్కన 'అమలు పరచరాదు' కూడా ఉంది. దాంతో సవరణకు ముందే పుస్తకాల్లోకెక్కిన పాత చట్టాలు కూడా వలలో పడ్డాయి.

రెండో ముక్క 5వ సవరణ నుంచి వచ్చింది. అక్కడ ఆ వాక్యం కర్మణి ప్రయోగంలో ఉంది. డ్యూ ప్రాసెస్ లేకుండా ఏ వ్యక్తీ ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కోల్పోయేలా చెయ్యబడడు అన్నట్టుగా సాగుతుంది. ఎవరు చెయ్యకూడదో అందులో లేదు. మార్షల్ దూరింది ఆ సందులోనే. బింగమ్ సరుకును ముట్టుకోలేదు, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి, డ్యూ ప్రాసెస్ అన్నీ యథాతథంగా ఉంచాడు. వాక్యాన్ని మాత్రం కర్తరిలోకి తిప్పి, కర్త స్థానంలో రాష్ట్రాన్ని కూర్చోబెట్టాడు. డ్యూ ప్రాసెస్ అన్న మాటకు ఇంగ్లండు కాలం నుంచి కోర్టుల్లో నలిగిన అర్థం ఉంది, దాన్ని కదిలించకపోవడమే మంచిది. పాత మండువా ఇల్లు విప్పేటప్పుడు మంచి వడ్రంగి చెదపట్టని టేకు దూలాలను పక్కన పెట్టుకుంటాడు, కొత్త ఇంట్లో వాటికి కొత్త కుసులు తొలుస్తాడు. బింగమ్ చేసింది ఆ పనే.

మూడో ముక్కలోనే ఆయన సొంత చేవ ఎక్కువ. మొదటి ముక్క పౌరుల గురించి మాట్లాడితే, ఇక్కడ మాట 'వ్యక్తి'. దానికి 'తన పరిధిలో ఉన్న' అన్న విశేషణం తగిలించాడు. పౌరుడా, పరదేశా, నిన్న ఓడ దిగినవాడా అన్న ప్రశ్న లేదు, ఆ రాష్ట్రపు గడ్డ మీద ఉంటే చాలు. 'చట్టం' అనకుండా 'చట్టాల రక్షణ' అన్నాడు. పుస్తకంలో చట్టం అందరికీ ఒకటే అయినా, ఒకడి ఇల్లు తగలబెడుతుంటే షెరీఫ్ మొహం తిప్పుకుంటే రక్షణ అందనట్టే. 'నిరాకరించరాదు' అన్న క్రియ అందుకు అమిరింది, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం కూడా నిరాకరణే అని వాదించడానికి చోటుంది. మొదటి ముక్కలో చట్టం చెయ్యడం, అమలు చెయ్యడం అనే మాటలున్నాయి. తరవాతి రెండు ముక్కల్లో ఆ మాటలు లేవు. రాష్ట్రం హరించరాదు, రాష్ట్రం నిరాకరించరాదు, అంతే. శాసనసభ చేసినా, కోర్టు చేసినా, పోలీసు చేసినా చేసింది రాష్ట్రమే.

హేల్, హాచ్‌కిస్ అభ్యంతరాలకు సమాధానం కూడా ఈ కూర్పులోనే ఉంది. నిషేధాన్ని మొదటి సెక్షన్‌లో పెట్టి, దాన్ని అమలు చేసే చట్టాలు తెచ్చే అధికారాన్ని విడిగా 5వ సెక్షన్‌లో కాంగ్రెస్‌కు ఇచ్చారు. కాంగ్రెస్ నిద్రపోయినా మొదటి సెక్షన్ మేలుకునే ఉంటుంది, బాధితుడు నేరుగా కోర్టుకు పోవచ్చు. కాంగ్రెస్ మేలుకుంటే దాని అధికారం ఆ నిషేధాన్ని అమలు చేసేంతవరకే. ఒక్క వాక్యంలో కలగలిసి కొట్టుకుంటున్న రెండు పనులు విడిపోయేసరికి రెండూ బలపడ్డాయి.

ఈ వాక్యం కమిటీలో సులువుగా నెగ్గలేదు. ఏప్రిల్ 21న కమిటీ సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ మరో ప్రణాళిక తెచ్చాడు. దాన్ని రాసింది ఇండియానా మాజీ సభ్యుడు రాబర్ట్ డేల్ ఓవెన్. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా పౌర హక్కుల్లో వివక్ష చూపకూడదన్నది అందులోని మొదటి సెక్షన్. తేటగా, సూటిగా ఉంది. బింగమ్ తన వాక్యాన్ని దానికి జోడించాలని చూశాడు. ఒకసారి చేర్చారు, మళ్ళీ తీసేశారు. చివరికి ఏప్రిల్ 28న ఓవెన్ సెక్షన్ స్థానంలో బింగమ్ వాక్యాన్నే నిలిపారు. ఓవెన్ వాక్యం ఆ రోజు జరుగుతున్న అన్యాయాన్ని పేరుపెట్టి ఆపేది. బింగమ్ వాక్యంలో జాతి, రంగు అన్న మాటలే లేవు, కాబట్టి 1866లో ఎవరి ఊహకూ రాని అన్యాయం మీద కూడా దాన్ని ప్రయోగించవచ్చు.

సెక్షన్‌లోని మొదటి వాక్యం మాత్రం ఆయనది కాదు. అమెరికాలో పుట్టి, ఆ దేశపు అధికార పరిధికి లోబడినవాళ్ళంతా పౌరులే అన్న ఆ వాక్యాన్ని సెనేట్‌లో మిచిగన్ సభ్యుడు జేకబ్ హవర్డ్ మే నెలాఖరులో ప్రవేశపెట్టాడు. నల్లవాళ్ళు పౌరులు కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును అది తుడిచేసింది. అమెరికాలో పిల్లల్ని కన్న తెలుగు కుటుంబాలకు బాగా తెలిసినదీ, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి బిడ్డలకు పౌరసత్వం ఇవ్వకూడదంటూ 2025 జనవరిలో అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాక కోర్టులకెక్కినదీ ఈ హవర్డ్ వాక్యమే. సవరణ 1866 జూన్ 8న సెనేట్‌లో, 13న ప్రతినిధుల సభలో నెగ్గింది. 1868 జులైలో తగినన్ని రాష్ట్రాల ఆమోదం పొంది రాజ్యాంగంలో చేరింది.

పనితనం ఎంత బాగున్నా వాడేవాళ్ళ చేతుల్లో వస్తువు ఏమవుతుందన్నది వేరే కథ. 1873లో న్యూ ఆర్లీన్స్ కసాయివాళ్ళ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో మొదటి ముక్కను దాదాపు ఉత్త అలంకారంగా మార్చేసింది. కర్త స్థానంలో రాష్ట్రాన్ని పెట్టడం వల్ల వచ్చిన బలానికి మరోవైపు ఒక పరిమితి ఉంది. హోటలువాడో, నాటకశాల యజమానో నల్లవాళ్ళను గెంటేస్తే అది రాష్ట్రం చేసిన పని కాదు, దాన్ని ఈ సవరణ ఆపదు అని 1883లో కోర్టు తేల్చింది. అప్పటికి బింగమ్ టోక్యోలో ఉన్నాడు. రైళ్ళలో జాతులకు వేరు పెట్టెలు చెల్లుతాయని 1896లో ప్లెసీ కేసులో చెప్పేనాటికి కాడిజ్‌లో ముసలివాడై ఉన్నాడు. మరోపక్క అదే వాక్యంలోని 'వ్యక్తి' నీడలోకి కంపెనీలు వచ్చి చేరాయి. రొట్టెల కార్ఖానా పనివాళ్ళకు వారానికి 60 గంటలు మించి పని చెప్పకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో లాక్నర్ కేసులో డ్యూ ప్రాసెస్ పేరుతోనే కొట్టేశారు.

రాసినవాడి జీవితం కూడా వాక్యమంత తీరుగా లేదు. లింకన్ హత్య కుట్రదారుల్ని 1865లో జ్యూరీ లేకుండా సైనిక కమిషన్ విచారిస్తే, అది చట్టబద్ధమేనని గట్టిగా వాదించినవాడు ఈ బింగమే. ఆ కేసులో మేరీ సరాట్‌తో కలిపి నలుగురిని ఉరితీశారు. డ్యూ ప్రాసెస్ వాక్యం రాయడానికి ఏడాదిలోపే అలా వాదించాడు. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అభిశంసనను నడిపిన ఏడుగురికీ నాయకత్వం వహించి, సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువై ఓడిపోయాడు. 1872లో పార్టీ టికెట్ దక్కలేదు. రైల్వే నిర్మాణపు క్రెడిట్ మొబిలియే కుంభకోణంలో వాటాలు తీసుకున్న సభ్యుల్లో ఆయన పేరూ బయటికొచ్చింది. 1873 నుంచి 1885 దాకా జపాన్‌లో రాయబారిగా ఉండి, పాశ్చాత్య దేశాలు రుద్దిన అసమాన ఒప్పందాలను సవరించుకునే హక్కు జపాన్‌కు ఉందని వాదించాడు. 1900 మార్చి 19న కాడిజ్‌లో కన్నుమూశాడు.

వాక్యం మాత్రం పనిచేస్తూనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క ఇళ్ళలో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని నగరం నిబంధన పెట్టింది. ఆ ఊళ్ళో లాండ్రీలు సుమారు 320, వాటిలో దాదాపు 310 చెక్కవే. నిబంధనలో చైనావాళ్ళ ప్రస్తావన లేదు. కానీ అనుమతి అడిగిన రెండువందలమంది చైనా చాకళ్ళకూ లేదన్నారు, మిగతావాళ్ళకు ఇంచుమించు అందరికీ ఇచ్చారు. 1886లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వీళ్ళు అమెరికా పౌరులు కారే అన్న ప్రశ్నకు 'వ్యక్తి' అన్న మాట, రాతలో తేడా లేదే అన్న ప్రశ్నకు 'రక్షణ' అన్న మాట జవాబు చెప్పాయి. 1954లో బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న బ్రౌన్ తీర్పు కూడా మూడో ముక్క మీదే నిలిచింది. రెండో ముక్క ద్వారా బిల్ ఆఫ్ రైట్స్‌లోని హక్కులు ఒక్కొక్కటిగా రాష్ట్రాలకు వర్తిస్తూ వచ్చాయి. పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు అందులో ఒకటి. 1947లో జస్టిస్ హ్యూగో బ్లాక్ బింగమ్‌ను ఏకంగా రాజ్యాంగకర్త మాడిసన్‌తో పోల్చాడు.

అదే ఏడాది చివర్లో మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావ్ అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశాడు. డ్యూ ప్రాసెస్‌తో జాగ్రత్త, ఎన్నికైన సభలు చేసిన సంక్షేమ చట్టాలను జడ్జీలు కొట్టెయ్యడానికి అది దారి తీస్తుందని ఆయన సలహా. లాక్నర్ అనుభవం ఆ మాటల వెనక ఉంది. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు మన ముసాయిదా కమిటీ సభ్యులు. వారూ ఈ వైపే మొగ్గారు. డ్యూ ప్రాసెస్ పోయి, 'చట్టం నిర్దేశించిన పద్ధతి' వచ్చింది.

1948 నాటి మన ముసాయిదాలో 15వ అధికరణం చూస్తే బింగమ్ రెండో ముక్క, మూడో ముక్క పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ ఒకే వాక్యంలో, రెండూ కర్మణిలో ఉన్నాయి. తుదిరూపానికి వచ్చేసరికి వాటిని విడదీశారు. ప్రాణ, స్వేచ్ఛల ముక్క 21వ అధికరణమై కర్మణిలోనే ఉండిపోయింది. సమానత్వపు ముక్క 14వ అధికరణమై కర్తరిలోకి మారింది. భారత భూభాగంలో ఏ వ్యక్తికీ చట్టం ముందు సమానత్వాన్ని గానీ, చట్టాల సమాన రక్షణను గానీ రాజ్యం నిరాకరించరాదు అని దాని భావం. చట్టం ముందు సమానత్వం బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చింది. తక్కినది, అంటే నిషేధపు వాక్యం, కర్తగా రాజ్యం, 'నిరాకరించరాదు' అన్న క్రియ, పౌరుడికి బదులు వ్యక్తి, ఎల్లగా భూభాగం, ఇవన్నీ బింగమ్ కూర్పులోనివే. కమిటీ వెళ్ళగొట్టిన డ్యూ ప్రాసెస్ కూడా 1978లో మేనకా గాంధీ తీర్పుతో వెనక తలుపు గుండా వచ్చినంత పనైంది. చట్టం నిర్దేశించిన పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని మన సుప్రీంకోర్టు చెప్పడానికి పట్టుకున్న ఊత 14వ అధికరణమే.

చట్టాలు రాసేవాళ్ళకు, ఆ మాటకొస్తే అపార్ట్‌మెంటు సంఘానికి నిబంధనలు రాసేవాళ్ళకు కూడా, ఈ 52 మాటలు మంచి పాఠం. ఆపుతున్నది ఎవరిని, వాళ్ళు చెయ్యకూడనిది ఏమిటి, కాపాడుతున్నది ఎవరిని అన్న మూడు ప్రశ్నలకూ వాక్యంలోనే జవాబు ఉండాలి. ఫిబ్రవరిలో బింగమ్ మొదటి ప్రశ్న మరిచిపోయాడు, ఏప్రిల్‌లో మూడింటికీ జవాబు రాశాడు. ఆ రెండు ముసాయిదాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, మంచి ఉద్దేశానికీ మంచి చట్టానికీ మధ్య పట్టే శ్రమ ఎంతో తెలుస్తుంది.